ఉప్పు చేతికివ్వకూడదు

(ఒంగోలులో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, నాకది అలవాటే.

మొదలుపెట్టే ముందు రెండు రకాల ఉప్పు మీ ముందు పెడుతున్నాను. నీలం మూత డబ్బాలో ఉన్నది ఫ్రాన్సు నుంచి వచ్చింది. ఈ హార్లిక్స్ సీసాలో ఉన్నది మన కనుపర్తి వైపు నుంచి తెచ్చింది. ముందు వరసలో అన్నయ్యగారు చెయ్యి చాపారు గానీ, నేను చేతికివ్వను. ఉప్పు చేతిలో నుంచి చేతిలోకి ఇస్తే ఇద్దరికీ తగవు పడుతుందని మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. నేలమీదో అరుగు మీదో పెట్టేది, అవతలివాళ్ళు తీసుకునేవాళ్ళు. అందుకని బల్ల మీద పెడుతున్నాను. రెండు పలుకులు నాలుక మీద వేసుకుని పక్కవాళ్ళ ముందు పెట్టండి. తొందర లేదు. తిరిగి తిరిగి డబ్బాలు నా దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పేది అయిపోతుంది.

నన్ను పిలిచినప్పుడు 'మీ విదేశీ యాత్ర గురించి చెప్పండి మేడం' అన్నారు. పారిస్ చూశాను, పెద్ద టవరు కింద ఫొటో కూడా దిగాను. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది ఒక ఇసుక దీవి గురించి. పేరు న్వార్ముతియే. ఫ్రాన్సుకు పడమటి వైపు, అట్లాంటిక్ సముద్రంలో, ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది. పొడవు 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది గానీ, వెడల్పు చాలా చోట్ల బాగా తక్కువ. విస్తీర్ణం 50 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. మన దగ్గర నాలుగైదు పెద్ద ఊళ్ళ పొలాలు కలిపితే అంత వస్తుంది.

మా అమ్మాయి వాళ్ళు నాంత్ అనే ఊళ్ళో ఉంటారు. ఆ శనివారం పొద్దున్నే ఫోనులో ఏవో టైములు చూసుకుంటోంది. 'రైలుకా?' అన్నాను. 'కాదమ్మా, సముద్రానికి' అంది. నాకు అర్థం కాలేదు. అక్కడికి వెళ్ళాక అర్థమైంది.

ఒడ్డుకూ దీవికీ మధ్య సముద్రం అడుగున ఒక రోడ్డు ఉంది. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని 'గ్వా' అంటారు. రోజుకు రెండుసార్లు నీళ్ళు తీసినప్పుడు ఆ రోడ్డు బయటపడుతుంది, మళ్ళీ పోటు రాగానే మునిగిపోతుంది. నీళ్ళు పూర్తిగా తగ్గే వేళకు గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత దాకా, ఆ మూడు గంటల్లోనే దాటాలి. టైములు రాసిన బోర్డులు రెండు వైపులా ఉంటాయి. మన కొత్తపట్నం ఒడ్డున పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒక మీటరు, అంతే. అక్కడ పెద్ద పోట్ల రోజుల్లో ఐదారు మీటర్లు. అంటే ఒక మేడ ఎత్తు నీళ్ళు వచ్చి పోతాయన్నమాట. లెక్క తప్పి మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు ఎక్కి కూర్చోడానికి దారి పొడవునా అక్కడక్కడా ఎత్తైన కొయ్య మంచెలు కట్టారు. వాటి నిచ్చెనలకు పట్టిన నాచు చూస్తే నీళ్ళు ఎంతదాకా వస్తాయో తెలుస్తుంది. నాచు నా తలకు చాలా పైన ఉంది. మా అల్లుడు కారు మెల్లగా నడుపుతున్నా నాకు మాత్రం ఒకటే టెన్షన్, మంచెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అంత టెన్షన్‌లోనూ ఒకటి చూశాను. రోడ్డు పక్కన బురదలోకి కార్లు దించి, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు బకెట్లు పట్టుకుని గుల్లలు ఏరుకుంటున్నారు. నడుములు వంచి, వెనక్కి అడుగులు వేస్తూ. గుండ్లకమ్మ మొగ దగ్గర మన ఆడవాళ్ళు ఎలా ఏరతారో అచ్చం అలాగే. ఆ వంగడం చూడగానే నాకు పరాయి ఊరు అన్న బెరుకు సగం పోయింది.

ఇప్పుడు దీవికి పెద్ద వంతెన కూడా ఉంది. 1971లో కట్టారు. వచ్చేటప్పుడు దాని మీదే వచ్చాం.

మేం వెళ్ళింది సెప్టెంబరు మొదట్లో. వేసవి సెలవులకు వచ్చిన జనమంతా వెళ్ళిపోయారు. ఊళ్ళన్నీ ఖాళీ. తెల్ల సున్నం వేసిన పొట్టి ఇళ్ళు, నీలం రంగు కిటికీ తలుపులు. ఒక్క ఇల్లు కూడా ఎత్తుగా లేదు, గాలికి భయపడి నేలకు అతుక్కున్నట్టు ఉన్నాయి. సముద్రం వైపు ఇసుక దిబ్బలు, వాటిని పట్టి ఉంచడానికి పైను చెట్లు. మనవాళ్ళు ఇసుక ఎగిరిపోకుండా సరుగుడు వేసినట్టే. ఆ చెట్ల కింద నడుస్తుంటే అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. దీవిలో చాలా నేల పోటు మట్టం కన్నా పల్లంలో ఉంటుంది. చుట్టూ కట్టలు లేకపోతే సముద్రం ఇళ్ళలోకి వచ్చేస్తుంది. ఏడో శతాబ్దంలో ఫిలిబెర్ అనే సన్యాసి వచ్చి ఒక మఠం పెట్టాడనీ, ఆ మఠంవాళ్ళే ఉప్పు మడులు పెంచారనీ చెబుతారు. తర్వాత ఉత్తరం నుంచి వైకింగులు ఓడల మీద వచ్చి దోచుకోవడం మొదలుపెడితే మఠంవాళ్ళు వెళ్ళిపోయారు. గుడి కింద ఒక నేలమాళిగ ఇంకా ఉంది. అది చూసి బయటికొచ్చాం.

ఆ తర్వాత కారు ఒక మలుపు తిరిగింది. నేను 'ఆపండి' అన్నాను.

రోడ్డుకు రెండు వైపులా ఉప్పు మడులు. కనుచూపు మేర చిన్న చిన్న గట్లు, గట్ల మధ్య అద్దం ముక్కల్లా నీళ్ళు, గట్ల మీద తెల్లటి కుప్పలు. దిగి నిలబడ్డాను. ఆ వాసన మీలో కొందరికి తెలుసు. ఎండిన బురద, నాచు, ఉప్పు కలిసిన వాసన. అది మా నాయన చొక్కా వాసన.

నేను ఉప్పుగుండూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళ దాన్ని. మా నాయన ఉప్పు కొఠారులో కూలి. పిల్లలకు కొఠారు అంటే తెలియదేమో, ఉప్పు పండించి నిలవచేసే చోటు. నేను ఆరో తరగతి దాకా ప్రతి వేసవీ ఆయనకు అన్నం క్యారియరు పట్టుకుని మడుల గట్ల మీద నడిచినదాన్ని. చెప్పులు వేసుకుంటే గట్టు పాడవుతుందని ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఉప్పు చెయ్యడమంటే సముద్రపు నీళ్ళు ఎండబెట్టడమే కదా అనుకుంటారు చాలామంది. కాదు. పొయ్యి మీద గిన్నెలో సముద్రపు నీళ్ళు పోసి ఇగరబెట్టి చూడండి. వచ్చేది నోట్లో పెట్టుకోలేరు, చేదు. లీటరు సముద్రపు నీళ్ళలో 35 గ్రాముల దాకా లవణాలు ఉంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాములు. మిగతాదాంట్లో సున్నపు జాతివి, మెగ్నీషియం జాతివి ఉంటాయి. ఇవన్నీ ఒకేసారి పేరుకోవు, ఒక వరసలో వస్తాయి. నీళ్ళు కాస్త చిక్కబడగానే ముందు సున్నపు లవణాలు అడుగుకు దిగుతాయి. ఇంకా చిక్కబడితే, నీళ్ళ చిక్కదనం చెప్పే బోమే అనే కొలతలో 25 డిగ్రీలు దాటాక, మన ఉప్పు పలుకు కట్టడం మొదలవుతుంది. 30 డిగ్రీలకు దగ్గర పడుతుంటే చేదు లవణాలు వస్తాయి. అందుకే ఒక మడి కాదు, వరసగా మడులుంటాయి. మొదటి మడుల్లో సున్నం వదిలించుకుని, చిక్కటి నీటిని చివరి మడిలోకి దించుకుని, ఉప్పు కట్టాక చేదు నీటిని బయటికి తోసెయ్యాలి. పనంతా ఆ రెండు హద్దుల మధ్య ఉంటుంది. ముందు తీస్తే పలచన, ఆలస్యంగా తీస్తే చేదు.

మా నాయన దగ్గర కొలిచే గాజు గొట్టం ఉండేది కాదు. నీళ్ళు రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసేవాడు. జిగురు తగిలితే తల ఊపేవాడు. వంగి మడికి అడ్డంగా, ఎండకు ఎదురుగా చూసేవాడు. చిక్కబడ్డ నీళ్ళలో ఉప్పుకు తట్టుకునే సూక్ష్మజీవులు పెరిగి రంగు మారుతుంది, లేత ఎరుపు తిరుగుతుంది. ఇదంతా నేను కాలేజీలో చదువుకుని తెలుసుకున్నాను. ఆయన మాత్రం 'ఎరుపెక్కింది, పొద్దుటికి దించాలి' అనేవాడు. ఒక్కరోజు కూడా తప్పేవాడు కాదు.

మడి అడుగు తయారు చెయ్యడం ఇంకో పెద్ద పని. సంక్రాంతి దాటాక బురదంతా తీసి, బంకమట్టిని కాళ్ళతో తొక్కి తొక్కి గచ్చులాగా చెయ్యాలి. పదిమంది వరసగా నిలబడి, ఒకే తాళంలో అడుగులు వేసేవాళ్ళు. మడి గట్టిపడిందో లేదో మడమ దిగబడే లోతును బట్టి చెప్పేవాళ్ళు. తర్వాత ఏతంతోనో గూడతోనో నీళ్ళు పైకి తోడాలి. మోటార్లు మా ఇంటివాళ్ళ చేతులు పడిపోయాక వచ్చాయి.

ఇంకొక సంగతి. ఊరంతా వాన కోసం ఎదురుచూస్తుంటే మా ఇంట్లో వానంటే భయం. ఒక్క వేసవి వాన పడితే పదిహేను రోజుల పంట కరిగి నీళ్ళైపోతుంది. పక్క ఊళ్ళో రైతులు కప్పలకు పెళ్ళి చేస్తుంటే, మా అమ్మ దేవుడి ముందు నిలబడి ఇంకో వారం ఆగమని మొక్కుకునేది. అదే దేవుడు.

సరే, దీవికి వస్తాను. నేను అలా నిలబడి ఉంటే దూరంగా మడిలో పనిచేస్తున్న ఒకావిడ చెయ్యి ఊపింది. నలభై ఏళ్ళుంటాయి. మా అమ్మాయి వెళ్ళి మాట్లాడింది, 'మా అమ్మ ఉప్పు కూలీ కూతురు' అని చెప్పింది. ఆవిడ వెంటనే చేతులు కడుక్కుని, నన్ను చెయ్యి పట్టుకుని గట్టు దాటించింది. నేను చెప్పులు విడిచాను. ఆవిడ నా కాళ్ళ వైపు చూసి నవ్వి, తన బూట్లు కూడా విప్పేసింది.

ఉప్పు పని చేసేవాళ్ళను అక్కడ 'సోనియే' అంటారు. దీవిలో ఇప్పుడు వంద మంది దాకా ఉన్నారట. ఆవిడ పుట్టుకతో ఈ పనిలో లేదు, పట్నంలో ఆఫీసు ఉద్యోగం మానేసి, కోర్సు చదివి వచ్చింది. ఉప్పు పనికి కోర్సు, సర్టిఫికెట్టు! నేను రెండుసార్లు అడిగాను, సరిగ్గానే విన్నానా అని. ఆ ప్రాంతంలో అలాంటి శిక్షణ ఉంది.

వాళ్ళకు తోడే పని లేదు. పెద్ద పోటు రోజున తూము ఎత్తితే సముద్రమే లోపలికి వస్తుంది. అక్కడి నుంచి ఒక మడి కన్నా ఇంకో మడి వెంట్రుకవాసి పల్లంగా ఉంటుంది, నీళ్ళు వాటంతటవే మెల్లగా తిరుగుతూ చిక్కబడతాయి. చివరి మడికి వాళ్ళ భాషలో 'కన్ను' అని అర్థం వచ్చే పేరు, చిన్న కన్ను. అందులో నీటి లోతు వేలి గణుపంత. మన ఎండ వాళ్ళకు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వాన లేని రోజులు ఏరుకుని పండించాలి. అందుకని రోజూ, లేకపోతే రెండు రోజులకోసారి తీస్తారు.

మధ్యాహ్నం మూడు దాటింది. గాలి పొడిగా తోలుతోంది. ఆవిడ 'చూడండి' అని మడి మీదికి వంగింది. నేనూ వంగాను. నీటి పైన సన్నటి పొర కడుతోంది. పాలు చల్లారుతుంటే మీగడ కట్టినట్టు, ముందు ఒక మూల, తర్వాత గీతలు గీతలుగా, తెల్లగా. ఊపిరి తగిలితే చెదిరిపోయేంత పలచన. దాన్ని 'ఉప్పు పువ్వు' అంటారు. చెదరకుండా చిల్లుల చిప్ప లాంటి దానితో పైపైన తేర్చి తీస్తారు. మట్టి తగలదు కాబట్టి తెల్లగా ఉంటుంది. అడుగున పేరుకునే ఉప్పు మాత్రం బంకమట్టి తగిలి బూడిద రంగులో ఉంటుంది. మీ దగ్గర తిరుగుతున్న నీలం మూత డబ్బాలో ఉన్నది ఆ పువ్వే. వంద గ్రాములకు కాస్త పైన. దాని ఖరీదు నేను చెప్పను, మన దగ్గర మడి గట్టు మీద అమ్మే బస్తా ఉప్పు ధర కన్నా ఎక్కువ అని మాత్రం చెప్తాను.

ఆ తర్వాత నాకు అడుగు ఉప్పు లాగే పనిముట్టు ఇచ్చింది. నాలుగైదు మీటర్ల పొడవు కర్ర, చివర అడ్డంగా ఒక చెక్క పలక. చూడగానే గుర్తుపట్టాను. కర్ర పొడవులో తేడా ఉంది గానీ, మా నాయన పనిముట్టు అదే. నేను లాగాను. మట్టి లేచింది, నీళ్ళు మురికైపోయాయి. సిగ్గేసింది. ఆవిడ వెనక నిలబడి, నా మోచేతులు పట్టుకుని, 'ఉప్పును లాగకండి, నీటిని లాగండి. నీటితో ఉప్పే వస్తుంది' అంది. మా అమ్మాయి తెలుగులో చెప్తుంటే నా ఒళ్ళు జల్లుమంది. మా నాయన కొత్త కుర్రాళ్ళకు చెప్పే మాట నాకు గుర్తుంది: 'మట్టికి తెలియకుండా ఉప్పు తియ్యాలిరా.' రెండూ ఒకటే మాట.

మూడోసారి లాగినప్పుడు మట్టి లేవలేదు.

అప్పుడు ఆవిడ అడిగింది, 'మీ భాషలో దీన్నేమంటారు?' అని. దాని గురించి చివర చెప్తాను.

ఇంత చిన్న దీవికి ఓడలు ఎందుకు వచ్చేవో కాస్త చెప్పాలి. ఫ్రిజ్‌లు లేని కాలంలో చేపలు నిలవుండాలంటే ఉప్పే దిక్కు. ఎండుచేప తినే మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరాన బాల్టిక్ సముద్రం వైపు హెర్రింగ్ చేప విపరీతంగా పడేది, కానీ అక్కడ ఎండ లేదు, ఉప్పు పండదు. అందుకని పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో హాన్సా అనే జర్మన్ వర్తక సంఘం ఓడలు బారులు తీరి ఈ దీవి పక్కనున్న అఖాతానికి వచ్చి ఉప్పు నింపుకుని పోయేవి. తర్వాత డచ్చివాళ్ళు వచ్చారు. మన పులికాట్‌లో కోట కట్టుకున్న ఆ డచ్చివాళ్ళే.

ఉప్పు ఎక్కడ ఉంటే పన్ను అక్కడికి వస్తుంది. ఫ్రాన్సులో ఉప్పు పన్నును 'గాబెల్' అనేవారు. కొన్ని ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషీ ఏటా ఇంత ఉప్పు కొనితీరాలని చట్టం. వద్దన్నా కొనాలి. పన్ను లేని ప్రాంతం నుంచి దొంగచాటుగా ఉప్పు తెస్తూ దొరికితే, ఓడల్లో తెడ్లు వెయ్యడానికి గొలుసులతో కట్టేసేవాళ్ళు. 1789 విప్లవానికి జనం కోపాల్లో ఇదొకటి. 1790లో తీసేశారు, 1806లో నెపోలియన్ మళ్ళీ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గానీ పూర్తిగా పోలేదు. మన దగ్గర ఎప్పుడు పోయింది? 1947లో. మన పక్కనే దేవరంపాడులో శిబిరం పెట్టి ఉప్పు చట్టాన్ని ఎదిరించినవాళ్ళ ఊరివాళ్ళం మనం. కానీ ఇది మన ఒక్కరి కష్టమే అనుకునేదాన్ని. ప్రపంచంలో ఎక్కడైనా పేదవాడి పళ్ళెంలోకి చెయ్యి పెట్టాలంటే ముందు ఉప్పులోనే పెట్టారని ఆ దీవిలో తెలిసింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఉప్పును తమ గుత్తకు తీసుకున్నారు. పండించేవాడు వాళ్ళకే ఇవ్వాలి, వాళ్ళు చెప్పిన ధరకే జనం కొనాలి. గాంధీగారు దండిలో ఉప్పు తీసిన 1930 ఏప్రిల్ 6 నాటికి మణుగుకు రూపాయి పావలా పన్ను ఉండేది. అప్పటి మణుగంటే సుమారు 37 కిలోలు. మా నాయనమ్మ ఆ రోజులు చూసింది. ఇంటి వెనక తెల్లగా పొంగిన చవుడు మట్టి ఉంటే, దాన్ని కుండలో కలిపి వడకట్టి కాచుకోవడం నేరం. కాళ్ళ కింద ఉన్న ఉప్పును కొనుక్కుని తినేవాళ్ళమమ్మా అనేది.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. రైళ్ళు రాకముందు ఈ తీరం ఉప్పు పైప్రాంతాలకు, కనిగిరి దాటి, గిద్దలూరు కనుమల దాకా ఎలా పోయేది? గాడిదల మీద, ఎడ్ల మీద. తీసుకుపోయినవాళ్ళు ఎరుకలవాళ్ళు, లంబాడీలు. ఎరుకల్లో ఉప్పు కొరచలని ఒక శాఖ పేరే ఉంది. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చేవాళ్ళు, అడవి సరుకు తెచ్చేవాళ్ళు. ప్రతి ఊళ్ళో వాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. తర్వాత రైలు వచ్చింది, సర్కారు ఉప్పు విధానం మారింది, వాళ్ళ బతుకుతెరువు పోయింది. ఊరూరా తిరిగే మనిషి చేతిలో సరుకు లేకపోయేసరికి దొంగలా కనిపించాడు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911లో మన ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. స్టూవర్టుపురం, కప్పరాళ్ళతిప్ప లాంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం పెట్టినవే. మన పప్పులో ఉప్పు తెచ్చి వేసినవాళ్ళకు మనం పెట్టిన పేరు అది. పిల్లలూ, ఆ ఊళ్ళ పేర్లు ఎవరైనా వెటకారంగా అంటే ఈ సంగతి వాళ్ళకు చెప్పండి.

మన తీరంలో ఉప్పుకు ఇంకో దారి బకింగ్‌హాం కాలువ. ధాత కరువని పెద్దవాళ్ళు చెప్పుకునే 1876-78 కరువులో, తిండి లేని జనం చేత దాంట్లో కొంత తవ్వించారు. పెద్దగంజాం దగ్గర అది కృష్ణా కాలువలతో కలుస్తుంది. అప్పటి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆ కాలువ మీద ఉప్పు, కట్టెలు మద్రాసుకు పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్ళు. 1960ల్లో వచ్చిన తుఫానులకు కాలువ బాగా దెబ్బతింది. ఇప్పుడు చాలా చోట్ల చిల్లచెట్లు కమ్ముకుని, కాలువ ఉందని కూడా తెలియదు.

న్వార్ముతియేకూ అదే గతి పట్టింది. రైళ్ళ మీద, యంత్రాలతో తీసిన చౌక ఉప్పు దక్షిణం నుంచి వచ్చి పడింది. ఫ్రిజ్‌లు వచ్చాయి. మడులు వదిలేశారు, పూడిపోయాయి. ఓడలు ఆగిన రేవులో ఇప్పుడు షికారు పడవలు ఉన్నాయి. కానీ కొందరు ముసలివాళ్ళు ఆ పని వదల్లేదు. నలభై, ముప్పై ఏళ్ళ కింద కుర్రవాళ్ళు వచ్చి వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. సహకార సంఘంతో అమ్ముకుంటున్నారు. డబ్బా మీద దీవి పేరు వేసుకున్నారు. నన్ను గట్టు దాటించిన ఆవిడ ఒక ముసలాయన దగ్గర రెండు వేసవులు పనిచేసి నేర్చుకుందట. ఆయన పోయాడు. ఆయన వాడిన పనిముట్టే నా చేతికిచ్చింది.

మా నాయన ఉప్పు ఏ ఊళ్ళకు పోయిందో నాకు తెలియదు. గోనె బస్తా మీద ఏ ఊరి పేరూ ఉండేది కాదు.

మన దేశంలో ఉప్పులో నాలుగింట మూడు వంతులకు పైగా గుజరాత్‌లోనే పండుతోంది. అక్కడి ఎండ, అక్కడి నేల, వేల ఎకరాల మడులు, మనం పోటీ పడలేం. 2006 మే నెల నుంచి అయొడిన్ కలపని ఉప్పు తినడానికి అమ్మకూడదని చట్టం వచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాను. గొంతు కింద గడ్డతో బడికొచ్చిన పిల్లలను నేను చూశాను, అయొడిన్ కావాలి. కానీ కలిపే యంత్రం, ప్యాకింగు చిన్నవాడికి ఎక్కడి నుంచి వస్తాయి? ముడి ఉప్పును తోళ్ళ పనికీ ఫ్యాక్టరీలకీ అడిగిన ధరకు ఇచ్చుకోవడమే. చాలా మడులు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు చేసినవాడిని నేను తప్పుపట్టను, అప్పులు ఎవరికైనా ఒకటే.

ధర గురించి, మార్కెట్టు గురించి నాకు అంత తెలియదు. తెలిసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు, వాళ్ళు ఆలోచించాలి. నాకు దక్కకుండా పోయింది వేరే ఉంది.

ఆవిడ 'మీ భాషలో దీన్నేమంటారు?' అని అడిగింది కదా. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. పలక అనుకోండి, పార అనుకోండి, అవి అందరికీ తెలిసిన మాటలు. మా నాయన దానికి వేరే పేరు చెప్పేవాడు. పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి అమ్మను ఆ పేరు పెట్టి అడిగేవాడు, అది ఎక్కడ పెట్టావే అని. ఆ గొంతు గుర్తుంది, ఆయన నిలబడ్డ చోటు గుర్తుంది, మాట పోయింది. ఆవిడ దగ్గర ప్రతి మడికీ, ప్రతి తూముకూ, నీళ్ళ ప్రతి దశకూ ఒక పేరుంది, పుస్తకంలో బొమ్మలేసి పెట్టుకున్నారు. తెలుగు మాస్టరు పక్క గదిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నా తండ్రి చేతి పనిముట్టు పేరు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటికి వచ్చాక కనుపర్తి వైపు వెళ్ళాను. మా నాయనతో పనిచేసిన మామ ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు. గట్టిగా అడిగితే అర్థం కాలేదు. అప్పుడు నేను లేచి, లేని కర్రను రెండు చేతులా పట్టుకుని, వెనక్కి అడుగు వేస్తూ లాగి చూపించాను. ఆయన ముఖం వెలిగింది. మంచం మీద నుంచి రెండు చేతులూ చాపి, తనూ లాగాడు. నా కంటే చాలా నెమ్మదిగా, మట్టికి తెలియకుండా. పెదవులు కదిపాడు. 'ఆ... అదేనమ్మా... దాన్ని...' అని ఆగిపోయాడు. చాలాసేపు చేతులు అలాగే గాలిలో ఉంచి చూశాడు నా వైపు.

అప్పటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏతం, గూడ, కొఠారు అందరికీ తెలిసినవే, అవీ రాశాను. మడి తొక్కేటప్పుడు వేసే అడుగుకు ఏమనేవాళ్ళు, చేదు నీళ్ళకు ఏమనేవాళ్ళు, మొదటి తీత ఉప్పుకూ చివరి తీత ఉప్పుకూ వేరే పేర్లు ఉండేవా, కుప్ప మీద తాటాకు కప్పేవాడిని ఏమని పిలిచేవాళ్ళు, అన్నిటికీ ఖాళీలు వదిలిపెట్టాను. ఈ హాల్లో కనుపర్తివాళ్ళు ఉన్నారు, చినగంజాంవాళ్ళు ఉన్నారు, పాకలవాళ్ళు ఉన్నారు, ఇసకపల్లిలో బంధువులున్నవాళ్ళు ఉన్నారు. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో ముసలివాళ్ళను అడగండి. ఫోనులో రికార్డు చెయ్యండి. వాళ్ళకు మాట రాకపోతే చేతులతో చేసి చూపించమనండి.

డబ్బాలు వచ్చాయి. సీసాలోది సగం అయిపోయింది, పువ్వు ఉప్పు మాత్రం మిగిలింది. నాకు సంతోషంగా ఉంది.

ఇదిగో, నోటుపుస్తకం. మాట తెలిసినవాళ్ళు మాట, మీ ఊరు, చెప్పినవాళ్ళ వయసు రాయండి. పెన్ను లోపలే ఉంది. దీన్ని మాత్రం చేతికిచ్చినా ఫరవాలేదు.